నా నోట పలకని ళ

మా బాపు మాణిక్ చేసిన తప్పల్లా ఒక్కటే. నేను హైదరాబాదులో ఏం చదువుతున్నానో కోహీర్ బస్టాండులో నిలబడి నలుగురికీ చెప్పాడు.

"మా దేవమ్మ ఆనర్స్ చదువుతున్నది," అన్నాడు. మీసం దువ్వుకుంటూ మరీ అన్నాడట.

విన్నవాళ్ళకి ఆనర్స్ ఎక్కడ తెలుసు? వాళ్ళ చెవుల్లో అది 'ఆ నర్స్' అయి కూర్చుంది. "ఆ నర్సు సదువా? మంచిదే, ఊర్ల సూదిచ్చేటోల్లు లేక సస్తున్నం," అని అందరూ సంబరపడ్డారు. సెలవులకి నేను ఊళ్ళో బస్సు దిగానో లేదో, జామపళ్ళ గంప ముందేసుకుని కూర్చున్న తాత ఒకాయన లేచి, వెనక్కి తిరిగి, ధోవతి సడలించబోయాడు.

"తాతా! ఏందే గది?" అని అరిచాను.

"సూది బిడ్డా. నడుము గుంజుతున్నది. జర మెల్లగ పొడువు."

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నేను నర్సును కానని, నేను చదివేది ఆరోగ్యమూ సంఘసేవా కలిపిన ఆనర్స్ డిగ్రీ అని, జనం ఇళ్ళకు వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, జబ్బు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి అక్కడే ఆపడం నా చదువని బస్టాండు నడిమధ్యన ఉపన్యాసం ఇచ్చాను. తాత ఓపిగ్గా అంతా విన్నాడు.

"అంటే సూది ఇయ్యవా?" అన్నాడు.

"ఇయ్య."

"మరి గదేం సదువే!" అని ధోవతి బిగించుకుని జామపళ్ళ దగ్గర కూలబడ్డాడు.

అది డెబ్భై తొమ్మిది నాటి ఎండాకాలం. నాది ఆఖరి ఏడు. కోర్సు కాలేజీకే కొత్త, మాదే మొదటి బ్యాచి. పుస్తకాల పరీక్షలన్నీ గట్టెక్కాను. మిగిలింది ఫీల్డ్ వర్క్ ఒక్కటే. దాని గురించి మా అమర్నాథ్ సార్ మొహమాటం లేకుండా చెప్పేశారు. "మీరు పనిచేసిన వాడకి నేనే వస్తాను. అక్కడి ఆడవాళ్ళు నా ఎదుట నోరు విప్పి మీతో మాట్లాడాలి. మాట్లాడితే పాస్. మాట్లాడకపోతే ఏడాదంతా మళ్ళీ చదవండి."

బాపు ఇంకా సూటిగా చెప్పాడు. "చూడు బిడ్డా, ఈ ఎండాకాలంతోటి సదువు ఖతం. పాసైతే నౌకరి జేస్కో, నేను అడ్డం రాను. ఫెయిలైతే మన అల్లం దుకాన్ల గల్ల మీద కూసో. మల్ల ఏడాది పంపుడు నాతోని కాదు." బాపు మాట అంటే అన్నట్టే. అల్లం వాసన నాకు కిట్టదు, తుమ్ములొస్తాయి. జన్మంతా తుమ్ముకుంటూ బతకడం ఊహించుకుంటేనే వణుకు పుట్టేది.

ఇక వాడలు పంచేనాడు సార్ క్లాసులో, "జహీరాబాద్‌లో ఒక గల్లీ ఉంది. బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇళ్ళల్లో కన్నడమే. ఎవరికైనా కన్నడం వచ్చా?" అని అడిగారు. నా చెయ్యి నా అనుమతి లేకుండానే పైకి లేచింది. జహీరాబాద్ అంటే మా కోహీర్ పక్కనే కదా, పొద్దున ఇంట్లో తిని బస్సెక్కొచ్చు, సాయంత్రం మళ్ళీ ఇంట్లో తినొచ్చు. నాకు వచ్చిన కన్నడమల్లా రెండు ముక్కలు. "ఊట ఆయ్త?" అంటే తిన్నావా అని. "ముందక్క హోగ్రి" అంటే ముందుకి జరగండని, అది బీదర్ బస్సు కండక్టరు అరుస్తుంటే వచ్చింది. ఈ రెండింటితో డిగ్రీ తెచ్చుకోవచ్చని అప్పుడు నాకు గట్టి నమ్మకం.

బొంబాయి రోడ్డు మీద లారీలూ, చెరుకు బండ్లూ దాటుకుని ఆ గల్లీలోకి అడుగుపెట్టిన మొదటి రోజు ఎంత హుషారుగా ఉన్నానో! వీధి పొడవునా ఇళ్ళల్లోంచి జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు. నేను నాలుగు అడుగులు వేశాను, ఒక చప్పుడు ఆగింది. ఇంకో నాలుగు వేశాను, మరోటి ఆగింది. గల్లీ చివరికి చేరేసరికి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి, తలుపులన్నీ మూసుకున్నాయి. ఒక తలుపు వెనక నుంచి గుసగుస వినబడింది. "కోహీర్ ఆ నర్సమ్మ వచ్చింది! ఆపరేషన్ నర్సమ్మ!"

బాపు ప్రచారం నాకంటే ముందే బస్సెక్కి వచ్చేసింది!

ఎమర్జెన్సీ అయిపోయి ఎంతో కాలం కాలేదు. కుటుంబ నియంత్రణ అంటూ మగవాళ్ళని పట్టుకుపోయిన రోజులు ఎవరూ మరవలేదు. అప్పట్లో జీపు చప్పుడైతే చాలు, మగవాళ్ళు చెరుకు తోటల్లో దూరేవాళ్ళు. ఆ గల్లీలో పెద్ద దిక్కు నాగవ్వ. నుదుట విభూతి, చేతి నిండా పచ్చగాజులు, గొంతు మాత్రం మైకు పెట్టినట్టే. ఆమె ఔనంటే గల్లీ ఔను, కాదంటే కాదు. నేను ఆమె తలుపు తట్టాను. తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది.

"సంతకు పోయిన నా పెద్దకొడుకును సంతల్నే పట్టుకపోయి కోసి పంపిన్రు. ఇప్పుడు నువ్వు ఎవర్ని పట్టుకపోను వచ్చినవ్?" అంది నాగవ్వ.

"అవ్వా, నేను గట్ల కాదు. ఎండాకాలం పిల్లలకు వాంతులు, బేదులు ఎందుకైతయో అడగనీకి వచ్చిన..."

తలుపు మూసుకుంది. అలా రోజూ మూసుకుంది. రోజూ కోహీర్ నుంచి బస్సులో రావడం, మూసిన తలుపుల ముందు ఎండలో నిలబడటం, బస్సులో పోవడం. ఓ రోజైతే కోపం ఆపుకోలేక, "నేను నర్సును గాదు! నాకు సూది ఇయ్యనే రాదు! సూది జూస్తే నాకే కల్లు తిరుగుతయి!" అని గల్లీ మధ్యలో నిలబడి అరిచాను. ఒక మేక మాత్రం తలెత్తి చూసింది.

ఆ అరుపు విని పిలిచింది శరణప్ప. గల్లీ మొదట్లో బెల్లం దుకాణం ఆయనది. ఎప్పుడు చూసినా బుగ్గలో తాంబూలం.

"ఏ బిడ్డా, తెలుగుల అడిగితే వాళ్ళు సర్కారు మనిషి అనుకుంటరు. మా మాటల అడుగు. మెత్తగైతరు," అన్నాడు.

"నేర్పు కాకా, నీకు దండం పెడ్త."

"శానా లేదు. 'హేళ్రి' అను సాలు. అంటే 'చెప్పండి' అని. చివర 'రి' తగిలిస్తే మర్యాద. అను."

"హేల్రి," అన్నాను.

"ఉహూఁ. హేళ్రి."

"హేల్రి."

"నాలుక మడువు బిడ్డా. హే...ళ్...రి."

నాకు ఆయన అనేదానికీ నేను అనేదానికీ తేడా ఏమీ వినబడలేదు. ఆయన నోట్లో తాంబూలం ఉంది కాబట్టి అలా ముద్దగా వస్తోంది, నాది శుభ్రంగా వస్తోంది అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, మా ఇంట్లో ళ అనే అక్షరానికి చోటే లేదు. మాకు తాగేవీ నీల్లే, చేసుకునేదీ పెల్లే. మొదటి ఏడు కళ్ళ జబ్బుల మీద సెమినారులో నిలబడి, "కల్లు ఎర్రగైతది, కల్లు మండుతది, అందుకే దినాం పొద్దుగాల లేవంగనే కల్లు..." అన్నానో లేదో, వెనక బెంచీ నుంచి "తాటికల్లా, ఈతకల్లా?" అని కేక. ఆ రోజు క్లాసు క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. నేను డస్టరు విసిరాను. తగలాల్సిన వాడికి తగల్లేదు, అమర్నాథ్ సార్‌కి తగిలింది.

శరణప్ప దగ్గర ఇంకొన్ని ముక్కలు నేర్చుకున్నాను. సిగ్గుపడకండి, అందరూ, ఒక్కొక్కరే, సార్ రాసుకుంటారు. బస్సులో వస్తూ పోతూ గొణుక్కుని గొణుక్కుని నోటికి పట్టించాను. నా పక్కన కూర్చున్న ఒకాయన నా గొణుగుడు విని, లేచి వెళ్ళి నిలబడ్డాడు. పిచ్చిదాన్నని భయపడ్డాడనుకున్నాను. ఆయనది బీదర్ అని అప్పుడు నాకు తట్టలేదు.

శరణప్పే వెళ్ళి నాగవ్వకి నచ్చజెప్పాడు. "పట్నం నుంచి సార్ వస్తున్నడు. పిల్ల మన మాట నేర్చుకున్నది. ఒక్కపారి ఇను, నచ్చకుంటే ఎళ్ళగొట్టు." నాగవ్వ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మాట అందట. "వింట. కానీ నోరు ఇప్ప."

ఆ రోజు వచ్చింది. అమర్నాథ్ సార్ హైదరాబాద్ బస్సు దిగారు. నాగవ్వ ఇంటి ముందు చింతకాయలు ఎండబోసిన చాప పక్కన ఇంకో చాప పరిచి సార్‌ని కూర్చోబెట్టాను. ఆడవాళ్ళంతా వచ్చారు. కొంగులు ముక్కుల దాకా లాక్కుని, గోడ పొడవునా చేరగిలబడ్డారు. మధ్యలో నాగవ్వ, పెదవులు బిగించి. ఆమె పక్కన చిన్నకోడలు గిరిజమ్మ.

సార్ పెన్ను మూత తీశారు. "మొదలుపెట్టు దేవమ్మా."

ముందు తెలుగులోనే అడిగాను. "అమ్మా, ఎండాకాలం పిల్లలకు బేదులైతే మీరు ఏం జేస్తరు?"

ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

"తినవెడ్తరా? నీల్లు తాపుతరా?"

సార్ నా వంక చూశారు. పెన్ను మూత మళ్ళీ పెట్టబోతున్నారు. నా కళ్ళ ముందు బాపూ, గల్లా పెట్టే, అల్లం బస్తాలూ కదిలాయి. ముక్కులో తుమ్ము కూడా మొదలైంది. అయిందేదో అయిందని లేచి, నాగవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, ఉన్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని నేర్చుకున్నదంతా ఒప్పజెప్పాను.

"అవ్వా, నాచ్కోబ్యాడ్రి. హేల్రి."

నాగవ్వ కనుబొమ్మలు లేచాయి. పని చేస్తోంది! నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గోడ వైపు తిరిగాను.

"ఎల్లారూ హేల్రి! ఒబ్బొబ్బరే హేల్రి! సార్ ముంద హేల్రి, సార్ బర్కోతార!"

కొంగులు కాస్త కాస్త కిందికి జారుతున్నాయి. కళ్ళు ఇంతింత అవుతున్నాయి. నాగవ్వ గొంతు తగ్గించి, "ఇల్లేన?" అంది. ఇక్కడేనా అని. ఇంకెక్కడ మాట్లాడతారు మరి? "హౌద్రి అవ్వా, ఇల్లే!" అని చాప మీద చేత్తో తట్టి మరీ చూపించాను.

ముందు ఎవరో ముక్కుతో ఒక చప్పుడు చేశారు. తర్వాత గాజులు గలగలమన్నాయి. ఆ తర్వాత ఆ గోడ గోడంతా కూలిపోయినట్టు ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. ఒకామె చింతకాయల మీద పడింది. ఒకామె కడుపు పట్టుకుని "అయ్యయ్యప్పా, అయ్యయ్యప్పా" అంటోంది. నోరు విప్పనన్న నాగవ్వ నోరంతా తెరిచి, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి, తొడలు చరుచుకుంటూ నవ్వుతోంది.

నోళ్ళు విప్పారు! ఏం మాట్లాడుతున్నారో తెలియదు గానీ విప్పారు. సార్ మొహం వెలిగిపోయింది. తన వంతుగా తానూ సాయం పట్టాలనుకున్నారు పాపం. లేచి, నమస్కారం పెట్టి, తన నిండైన గొంతుతో, "హేల్రి అమ్మా, హేల్రి. మొహమాటపడకండి. నేను అందుకే హైదరాబాదు నుంచి వచ్చాను," అన్నారు.

అంతే. ఇంక వాళ్ళని పట్టేవాళ్ళు లేరు. గిరిజమ్మ దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుంటూ, పాకుతూ నా దగ్గరికి వచ్చి నా చెవిలో చెప్పింది.

"అక్కా, 'హేళ్రి' అంటే చెప్పండి. నువ్వంటున్నది 'హేల్రి'. అంటే దొడ్డికి కూసోండి అని."

నేను అన్న మాటలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి నా మీద పడ్డాయి. అవ్వా, సిగ్గుపడకు, కూర్చో. అందరూ కూర్చోండి. ఒక్కొక్కరే కూర్చోండి. సార్ ముందు కూర్చోండి, సార్ రాసుకుంటారు. ఇక్కడేనా? అవునవ్వా, ఇక్కడే!

ఓరి దేవుడా! భూమి చీలితే అందులోకి దూకేద్దును. అది కుదరదు కాబట్టి కోపం తెచ్చుకున్నాను. "శరణప్ప కాకా! ఆ తాంబూలం ఉమ్మేసి నేర్పియ్యరాదా!" అని గల్లీ మొదట్లోకి వినబడేలా అరిచాను. అరుస్తుంటేనే నాకూ నవ్వు తన్నుకొచ్చింది. ఇక నేనూ ఆ గోడకే చేరగిలబడి, నాగవ్వ భుజం మీద తల పెట్టి, ఊపిరాడకుండా నవ్వాను. సార్ నిలబడే ఉన్నారు, నమస్కారం ఇంకా దించలేదు. "ఏమైంది? నేను సరిగ్గా పలకలేదా?" అని అడుగుతున్నారు.

చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. సార్ చెవులు ఎర్రబడ్డాయి. చాప మీద కూలబడ్డారు.

"నీకు కన్నడం వచ్చన్నావు," అన్నారు.

"రాదు సార్."

"ఈ లెక్కన నేను ఏం రాయాలి దేవమ్మా?"

నాకు నవ్వు ఠక్కున ఆగిపోయింది. అంతలో నాగవ్వ నవ్వుతో కారిన కన్నీళ్ళు తుడుచుకోకుండానే మధ్యలోకి వచ్చింది.

"రాసేది తర్వాత రాద్దువు సారూ. పిల్ల అడిగింది గదే గద, బేదుల గురించి. మాట నోట్లెకెళ్ళి ఎళ్ళనే ఎళ్ళింది, ఇంక సిగ్గెందుకు? చెప్త, ఇను. పిల్లగానికి బేదులైతే మేం నీళ్ళు బంద్ జేస్తం. మీద పోస్తే కిందికెళ్ళి వస్తది. పొయ్యకుంటే ఆగుతది. అంతే."

"అంతే, అంతే," అన్నారు అందరూ.

"అవ్వా, గట్ల జేస్తే పానం పోతది!" అన్నాను. "బేదుల పెయ్యిల నీరంత బయటకి పోతది. పోయింది పోయినట్టు మల్ల పొయ్యాలె. కుండకు చిల్లి వడితే నీల్లు పొయ్యకుంటే కుండ ఎండుతది గని చిల్లి పూడ్తదా?"

ఎవరూ నవ్వలేదు. గిరిజమ్మ లేచి నిలబడింది. అత్త వైపు ఒకసారి చూసింది, గబగబా ఇంట్లోకి వెళ్ళింది. కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. బస్వరాజ్ అని పేరు, ఇంకా నడక సరిగా రాని పిల్లవాడు. తల వాలిపోయి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. ఏడవాలని నోరు తెరుస్తున్నాడు, కన్నీరు రావడం లేదు. పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టి వదిలితే పట్టినట్టే నిలబడింది.

"నిన్నటి సంది నీళ్ళు ఇయ్యలే అక్కా. అత్తమ్మ వద్దన్నది," అంది గిరిజమ్మ. ఇంతసేపూ నవ్విన మనిషి గొంతు అది కాదు.

నా డిగ్రీ, అల్లం దుకాణం, సార్ పెన్ను అన్నీ ఎటో పోయాయి. "దవాఖానకు తీస్కపోదాం," అన్నాను. డాక్టరు సాబు కాంపుకి పోయాడని, మాపటికి గానీ రాడని చెప్పారు. సార్ వెంటనే శరణప్పని కేకేసి, ఎక్కడైనా బండి దొరుకుతుందేమో చూసి రమ్మని రోడ్డు మీదికి పంపించారు.

"అందాక నీల్లు తాపుదాం అవ్వా. కాగబెట్టి చల్లార్చిన నీల్లు తే. గుప్పెడు చక్కెర, చిటికెడు ఉప్పు. నీ మనుమనికి ఏమన్నైతే నన్ను ఈడనే పాతిపెట్టు," అన్నాను.

నాగవ్వ కదల్లేదు. నేను నవ్వించినదాన్నే కానీ, ఆమె ఇంటి బిడ్డకి ఆమె వద్దన్న నీళ్ళు పోయడమంటే వేరే మాట. గల్లీ అంతా ఆమె మొహం వైపు చూస్తోంది.

"ఉప్పెందుకు?" అంది.

"బేదులల్ల ఉప్పు గూడ పోతది. కని ఎక్కువైతే మోసం. కన్నీల్ల కంటె ఉప్పగ ఉండొద్దు. మా సార్ నేర్పిండు."

గిరిజమ్మ అప్పటికే చెంబు తెచ్చింది. కలిపాను. నాగవ్వ చెంబు నా చేతిలోంచి లాక్కుంది. ఇందాక నవ్వి నవ్వి కారిన నీళ్ళు ఆమె బుగ్గల మీద ఇంకా ఆరలేదు. వేలితో ఆ తడి తీసి నాలుక మీద రాసుకుంది. తర్వాత చెంబులో నీళ్ళు ఒక చుక్క. మళ్ళీ బుగ్గ, మళ్ళీ చెంబు.

"సరిపోయింది," అంది. "తాపు."

చెంచాతో మొదలుపెట్టాను. మొదటిది కక్కాడు. అందరూ 'అయ్యో' అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ పోశాను. ఈసారి నిలిచింది. ఇంకోటి. ఇంకోటి. గిరిజమ్మ చేతులు నొప్పి పుట్టాయని నాగవ్వ పిల్లవాణ్ణి తీసుకుంది. నాగవ్వ మోకాళ్ళు లాగుతున్నాయని, ఊరికే కూర్చున్నది సార్ ఒక్కరేనని, "పట్టు సారూ," అని తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. హైదరాబాదు బస్సు హారన్ కొట్టుకుంటూ రోడ్డు మీద వెళ్ళిపోయింది.

"సార్, మీ బస్సు!" అన్నాను.

"పోనీ," అన్నారు. "చెంచా ఆపకు."

చెంబు ఖాళీ అయింది, మళ్ళీ కలిపాం. నీడ గోడ దిగి చాప మీదికి వచ్చింది. బస్వరాజ్ చెంచా కోసం నోరు తనే తెరవసాగాడు. కాసేపటికి చెంచా వద్దని చెంబు పట్టుకోబోయాడు. గిరిజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. నాకు భయం తగ్గలేదు. పిల్లవాడు గట్టెక్కాడనడానికి చూడాల్సింది ఒక్కటుంది, అది ఇంకా కనబడలేదు.

ఉన్నట్టుండి సార్ నిటారుగా అయ్యారు. ఒక వింత మొహం పెట్టి కిందికి చూసుకున్నారు. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు మీద వెచ్చటి మరక ఒకటి మెల్లగా పెద్దదవుతోంది.

"పాస్!" అని కేక పెట్టింది నాగవ్వ. "పాస్ బోసిండు! నా మనుమడు పాస్ బోసిండు!"

"పాస్ వచ్చింది సార్! పాస్ వచ్చింది!" అని నేను గెంతాను. ఒంట్లో నీరు నిలబడితేనే అది వస్తుంది, వచ్చిందంటే గండం గడిచినట్టే. గిరిజమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. "పాస్! పాస్!" అని ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు. ఒక బిడ్డ ఉచ్చ పోసినందుకు ఓ గల్లీ అంత సంబరపడటం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

సరిగ్గా అప్పుడే శరణప్ప ఒక జీపును వెంటబెట్టుకుని గల్లీలోకి వచ్చాడు. 'పాస్, పాస్' అనే కేకలు విన్నాడు. నా గెంతులు చూశాడు. ఇంకేం అడగలేదు. దుకాణంలోకి పరుగెత్తి, బెల్లం దిమ్మ ఒకటి ఎత్తుకొచ్చి, పగలగొట్టి, "మా దేవమ్మ పాసైంది! తీస్కోండి, తీస్కోండి!" అని చేతికందిన వాళ్ళందరి నోళ్ళలోనూ కుక్కడం మొదలుపెట్టాడు. సార్ నోట్లో కూడా ఓ ముక్క పెట్టాడు.

"కాకా, నేను గాదు... పాసైంది నేను గాదు..." అంటూ వెంటపడ్డాను. వింటేనా!

"ఏమయ్యా, నేనింకా ఏమీ అనలేదు కదా," అన్నారు సార్, బెల్లం నములుతూనే.

"నువ్వు అననీకి ఏమున్నది సారూ?" అంది నాగవ్వ. "జీపు జూస్తే ఈ గల్లీల తలుపులు పడేవి. ఇప్పుడు ఆ పిల్ల చెప్పిందని నా మనుమన్ని నేనే జీపెక్కిస్తున్న. నువ్వూ నడువు, డాక్టరుకు సూపెట్టి వద్దాం."

సార్ పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. తడిసిన ప్యాంటుతోనే జీపు ఎక్కి, గిరిజమ్మకి చోటిచ్చి, నా వైపు తిరిగారు. మొహం సీరియస్‌గా పెట్టాలని ఎంత ప్రయత్నించినా మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

"ఆ బెల్లం తిను దేవమ్మా, నీదే అది," అన్నారు. "సంతకం నేను పెట్టాలి. కానీ వీడు నా మీదే పెట్టేశాడు."